నా వేళ్లతో లగ్గం

నాకొచ్చిన మొదటి సంబంధాన్ని నా ఎడమచేతి వేళ్లు చెడగొట్టాయి. ఇచ్చిపుచ్చుకునే దగ్గర తేడా రాలేదు, చదువు దగ్గర రాలేదు, రంగు దగ్గర కూడా రాలేదు. నేను పెళ్లిచూపులకు గిటార్ తీసుకుపోయాను. తప్పంతా అక్కడుంది. ఎందుకు తీసుకుపోయానో చెప్పాలంటే ముందు నా గొప్పలు కొన్ని చెప్పాలి. ఓపిక పట్టండి, వేగంగానే చెప్తాను.

ఆ గిటార్ మస్కట్ నుంచి వచ్చింది. మా నాయిన అక్కడ పైపుల పని చేస్తాడు. ఆయన గదిలో ఉండే ఫిలిప్పీన్స్ మనిషి ఒకాయన ఉద్యోగం వదిలి ఇంటికి పోతూ, విమానంలో బరువెక్కువవుతుందని దాన్ని మంచం మీదే వదిలేసి పోయాడట. అందరి నాయినలూ గల్ఫ్ నుంచి పులిబొమ్మ దుప్పట్లు, సెంటు సీసాలు తెస్తే మా నాయిన సెలవు మీద వచ్చినప్పుడు గిటార్ భుజాన వేసుకుని దిగాడు. చర్చిలో పనికొస్తుందని ఆయన ఆలోచన. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, బొక్కలోకి తొంగి చూసి, "గింత దూరంకెల్లి గీ డొల్ల డబ్బ తెచ్చినవా?" అంది. దుప్పటి రాలేదన్న కోపం ఆమెకు ఇప్పటికీ ఉంది.

మాది కోరుట్ల. అమ్మ బీడీలు చేస్తుంది. నేను ఇళ్లకు కరెంటు వైరింగ్ చేస్తాను. పని ఎక్కువగా జగిత్యాలలో, ఎప్పుడన్నా బుగ్గారం వైపు. నాకు గిటార్ నేర్పిన గురువులంతా ఫోన్లోనే ఉన్నారు. వాళ్లలో నాకు నచ్చినవాళ్లందరిదీ ఒకటే లక్షణం. వాయిస్తుంటే వేళ్లు కనబడవు, తిరిగే సైకిల్ చక్రంలో పుల్లల్లాగా మాయమైపోతాయి. వేళ్లు మాయం కావడమే సంగీతమని నేను తేల్చుకున్నాను. ఫోన్లో టక్కు టక్కుమని కొట్టే యాప్ ఒకటి వేసుకున్నాను. నిమిషానికి ఎన్ని టక్కులు కొట్టాలో మనమే పెట్టుకోవచ్చు. తొంభైతో మొదలుపెట్టి ఆర్నెల్లకు నూట అరవై, ఏడాదికి రెండు వందలు చేరుకున్నాను. జగిత్యాల బస్సులో కూడా ముందు సీటు కడ్డీ మీద వేళ్లు ఆడించేవాణ్ని. పక్కన కూర్చున్న ముసలామె ఒకసారి "ఏం కొడుకా, చేతికి వాతమా?" అని జాలిపడింది. నేను నొచ్చుకోలేదు. గొప్పవాళ్లను లోకం మొదట గుర్తించదని ఫోన్ గురువుల్లో ఒకాయన ముందే చెప్పి ఉన్నాడు.

మా చర్చి పాటలు తాపీగా నడిచే పాటలు. ఒక లైను పాడతారు, ఊపిరి తీసుకుంటారు, ఒళ్లో పసిపిల్లను సర్దుకుంటారు, పక్కామె వైపు ఒకసారి చూస్తారు, అప్పుడు రెండో లైను అందుకుంటారు. ఆ సందులు చూస్తే నాకు చేతులు దురద పెట్టేవి. ఖాళీ ప్లాటు కనబడితే రియల్ ఎస్టేట్ వాళ్లకు ఎట్లుంటుందో నాకట్లుండేది. లైనుకూ లైనుకూ మధ్య పదహారు స్వరాలు పోసి ఆ జాగా నింపేవాణ్ని. నా దెబ్బకు పాటలు పొట్టివయ్యాయి, ఆరాధన తొందరగా ముగియడం మొదలైంది. ఆదివారం మటన్ వండుకునే ఇళ్లవాళ్లు నన్ను బాగా మెచ్చుకున్నారు. వెనక వరుస ఆడవాళ్లు మాత్రం చప్పట్లు అందుకోలేక చేతులు ఒళ్లో పెట్టేసుకున్నారు. ముందు వరుస ముసలాయన ఒకరోజు బయట చెప్పులేసుకుంటూ, "దేవుడు యాడికి పోతలేడురా, జెర మెల్లగ కొట్టు" అన్నాడు. పాపం, వయసు మీద పడిందని అనుకున్నాను.

ఇట్లా నేను పైపైకి పోతున్న రోజుల్లో సిరిసిల్ల నుంచి మేనత్త ఫోన్ చేసింది. మేనత్త అంటే మా నాయిన చెల్లెలు.

"అల్లుడా, నీకు పిల్లను సూసిన. మా చర్చిల పాట ఎత్తేది ఆమెనే. బట్టలు కుట్టే కంపెనీల పని. నువ్వు గిటార్ మస్తు కొడ్తవని చెప్పిన. ఆళ్ల నాయిన సంబరపడ్డడు. వచ్చేటప్పుడు తీస్కొని రా."

తీసుకురమ్మని ఆమె అన్నమాట నిజమే. కానీ ఆమె అనకపోయినా నేను తీసుకుపోయేవాణ్నని ఒప్పుకోవాలి.

మా వాళ్లలో పెళ్లిచూపులంటే చాయ్ కంటే ముందు పాట. ఆడపిల్లవాళ్ల ఇంట్లో ఎవరో ఒకరు పాట ఎత్తుతారు, వచ్చినవాళ్లు అందుకుంటారు, పెద్దమనిషి ఒకరు ప్రార్థన చేస్తారు, ఆ తర్వాతే మాటలు. నేనూ అమ్మా మేనత్తా పోయాం. నాయిన మస్కట్ నుంచి వీడియో కాల్‌లో వచ్చాడు. ఆయన్ను ఒక స్టీలు గ్లాసుకు ఆనించి స్టూలు మీద నిలబెట్టాం.

పిల్ల తండ్రి మరమగ్గాల మీద పనిచేస్తాడు. సిరిసిల్లలో వాటిని సాంచాలంటారు. ఆ సాంచాల చప్పుడులో పక్కమనిషికి మాట వినబడాలంటే అరవాలి. ముప్పై ఏళ్లు అరిచి అరిచి ఆయనకు ఇంట్లో కూడా అదే గొంతు నిలిచిపోయింది. "కూసోండ్రి!" అన్నా మనం ఏదో తప్పు చేసి పట్టుబడ్డట్టే ఉంటుంది. ఆయన లోపలికి తిరిగి, "బిడ్డా, పాట ఎత్తు! పిలగాడు కొడ్తడు!" అని అరిచాడు. గ్లాసుకు ఆనుకున్న నాయిన కూడా ఉలిక్కిపడ్డట్టు కదిలాడు.

పిల్ల వచ్చి చాప మీద కూర్చుంది. ఆమె కూర్చున్న అలికిడి నాకు తెలిసింది. ఆ సమయానికి నేను తీగలు సరిచేసుకుంటున్నాను. ఆమె పాట ఎత్తింది. మొదటి లైను విన్నాను, అది మాత్రం బాగా గుర్తుంది. పెద్ద గొంతు కాదు. అరిచే తండ్రి ఇంట్లో పుట్టి కూడా తగ్గించి పాడే గొంతు, ఏ తొందరా లేని గొంతు. లైను అయిపోయింది, ఆమె ఆగింది.

ఖాళీ ప్లాటు దొరికింది.

పదహారు కాదు, ఆ రోజు ఇరవై నాలుగు పోశాను. పెళ్లిచూపులు కదా. రెండో లైనుకు ఆమె కొంచెం తొందరపడింది. నేను ఇంకొంచెం ముందుకు పోయాను. రెండో చరణానికి ఆమె నా వెనక ఉరుకుతోంది. మూడో చరణంలో ఎక్కడో ఆమె గొంతు ఆగిపోయింది. నేను గమనించలేదు. గిటార్ మెడ మీద ఎక్కడో పైన ఉన్నాను, వేళ్లు మాయమయ్యే చోట. పాటను ఒక్కణ్నే చివరిదాకా తీసుకుపోయి, తీగలన్నీ ఒక్కసారి ఝల్లుమనిపించి ఆపాను. తల ఎత్తేసరికి చాప మీద ఎవరూ లేరు.

"మస్తు కొట్టిండు!" అని తండ్రి అరిచాడు. చాయ్ పట్టుకొచ్చింది పిల్ల కాదు, వాళ్ల చిన్నమ్మ. పిల్లకు సిగ్గు ఎక్కువేమో, మంచిదే కదా అనుకున్నాను.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. నేను గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఊరు దాటగానే ఆమె అడిగింది.

"పిల్ల ఎట్లున్నదిరా?"

"మంచిగున్నది."

"పొడుగా, పొట్టా?"

"నడుమ తీరు."

"సీరె ఏం రంగు కట్టుకున్నది?"

నేను కొంచెం ఆలోచించినట్టు ముఖం పెట్టి, "నీలం" అన్నాను.

"సీరె కట్టుకోలేదురా. డ్రెస్ ఏసుకున్నది."

వేములవాడ దాకా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. బస్‌స్టాండ్‌లో బస్సు ఆగినప్పుడు నా వైపు తిరిగింది. "మీ నాయినకు నెట్ సరిగ రాక బొమ్మ నడుమ నడుమ ఆగిపోయింది. గయినా ఆయనకు పిల్ల కనవడ్డది. పసుప్పచ్చ డ్రెస్ అని ఆడికెల్లి చెప్పిండు. నీకు మూరెడు దూరంల కూసుంటె కనవడలే?" అమ్మ కోపంగా ఉందో నవ్వు ఆపుకుంటోందో ముఖం చూస్తే తెలియలేదు. రెండూ అయ్యుండాలి. రుద్రంగి దాటాక చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ తర్వాత నా వీపు మీద ఒకటి వేసింది.

మూడో రోజు మేనత్త ఫోన్ వచ్చింది. అమ్మ స్పీకర్‌లో పెట్టింది. ఆమె పక్కన అరుగు మీద బీడీలు చేసే ఆడవాళ్లు నలుగురు ఉన్నారు. నేను గడపలో ఉన్నాను.

"ఒదినె, నేనేం జెయ్యాలె చెప్పు. ఆళ్ల నాయినకు మంచిగనే మనసైంది. పిల్లనే ఒద్దంటున్నది. ఏమంటున్నదో ఎరికేనా? 'పిలగాడు నన్ను సూడలే, తన వేళ్లనే సూసుకున్నడు. గా వేళ్లనే చేసుకోమనుండ్రి' అంటున్నది."

అరుగు మీద చేతులన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ తర్వాత లేచిన నవ్వు గురించి రాయను. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు, సంబంధం పోయినందుకు కాదు, ఆ నలుగురి నవ్వుకు నాకు రోషం వచ్చింది. వారం రోజులు పగబట్టినట్టు వాయించాను. రెండు వందల పది, రెండు వందల ఇరవై. తీగలు తెగిపోయాయి. జగిత్యాలలో తీగలు అమ్మే దుకాణాయన నన్ను చూసి కుర్చీ వేసి చాయ్ చెప్పాడు. ఈ భూమ్మీద నా వేగాన్ని మనస్ఫూర్తిగా ప్రేమించిన మనిషి ఆయనొక్కడే.

కానీ ఆ మాట లోపల దిగబడింది. "గా వేళ్లనే చేసుకోమనుండ్రి." ఎంత బాగా అన్నది! స్విచ్చుబోర్డు బిగిస్తూ తలుచుకుని నాలో నేనే నవ్వుకున్నాను. ఆ ఇంటి యజమాని నన్ను అనుమానంగా చూశాడు. అప్పటికి నేనామె ముఖం చూడలేదు. ఆ మాట విన్నాకే చూడాలనిపించింది. చూడాలని కాదు, ఇంకోసారి ఆమె ముందు కూర్చోవాలనిపించింది. ఇట్లాంటి మాటలు రోజూ వింటూ బతికితే ఎట్లుంటుందో అనిపించింది. పిల్ల ఒద్దన్నాక పిల్ల మీద మనసు పడ్డవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను.

ఆమె పాటలో నా దగ్గర మిగిలింది ఆ మొదటి లైను ఒక్కటే. దాన్ని ఆమె పాడినట్టు గిటార్ మీద తీద్దామని కూర్చున్నాను. యాప్‌ను అరవై మీద పెట్టాను. అరవై అంటే సెకనుకొక టక్కు, పసిపిల్లలు కూడా చప్పట్లు కొట్టగలరు. నా వల్ల కాలేదు. టక్కు పడేలోపే నా వేలు పడిపోయేది. రెండు టక్కుల మధ్య ఉన్న జాగాలో ఏం చేయాలో తెలియక చెమటలు పట్టేవి. రెండు వందల ఇరవై దగ్గర తప్పు పోయినా ఎవరికీ కనబడదు, అది మరో స్వరం కింద దాక్కుంటుంది. అరవై దగ్గర స్వరం ఒంటరిగా నిలబడుతుంది. నా స్వరాలు నిలబడి చూస్తే పీలగా, వణుకుతూ ఉన్నాయి. ఏడాదిన్నర నుంచి వాయిస్తున్నాననుకుంటున్న నాకు ఒక్క స్వరాన్ని సరిగా పలికించడం రాదని ఆ సాయంత్రం తెలిసింది. నిజంగా ఏడుపొచ్చింది.

అమ్మ చూసింది. "ఉరికి పాలు తాగుడుకంటె నిలవడి నీళ్లు తాగుడు నయం అంటరు గని, నీకు నిలవడుడే రాకపాయె" అంది. ఓదార్చడం అమ్మ పద్ధతి ఇదే. తర్వాత "అరుగు మీదికి రా. ఆడ కూసొని కొట్టు" అంది.

అరుగు మీద నలుగురూ సిద్ధంగా ఉన్నారు. అందరిలోకి పెద్దామె ఒకామె ఉంది. డెబ్బై దాటి ఉంటుంది. అమ్మకు బీడీ చుట్టడం నేర్పింది ఆమెనే. ఆమె నన్ను చూడగానే, "ఏం పిలగా, వేళ్లతోని లగ్గం ఎన్నడు? పిలుస్తవా మమ్ముల?" అంది. ఇంకొకామె, "పిల్లది ఏ ఊరటనే?" అంది. "మణికట్టు కాడ" అంది మూడోది. ఇగ ఇట్లా ఒక గంట.

నవ్వులయ్యాక పెద్దామె పాట ఎత్తింది. చర్చి పాట కాదు, నాట్ల కాలంలో పాడుకునేది. అప్పుడు చూశాను. పుట్టినప్పటి నుంచీ ఆ అరుగు మీదే పెరిగి కూడా నేను ఎన్నడూ చూడనిది. ఆమె ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. ఆకు తీయడం, తంబాకు పోయడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం, అంతా కంటికి ఆనదు. నా ఫోన్ గురువులు ఆమె ముందు దిగదుడుపు. వేళ్లు అట్లా ఉరుకుతున్నాయి, పాట మాత్రం కాళ్లు చాపుకుని కూర్చుంది. లైను పాడి ఆగుతుంది. ఎంతసేపు ఆగాలనిపిస్తే అంతసేపు ఆగుతుంది. చేతులు ఆగవు.

"గట్ల ఎట్ల పాడుతున్నవ్ అవ్వా? చేతులు గంత జోరు మీద ఉన్నయి గద?" అని అడిగాను.

"చేతుల పని చేతులది, పాట పని పాటది. రెంటిని ఒక్క తాడుకు ఎవడు కట్టుమన్నడు నిన్ను?" అంది. "కొట్టు, నేను పాడుత. నాకంటె ముందు పోయినవనుకో, సూడు మల్ల."

ముందు పోయాను. ఆమె చాటను నా వైపు తిప్పి దులిపింది. తంబాకు పొడి ముక్కులో పడి ఏడు తుమ్ములు తుమ్మాను. ఏడో తుమ్ము అయ్యేదాకా నలుగురూ ఆగి, మళ్లీ మొదటి నుంచి ఎత్తారు. మళ్లీ ముందు పోయాను, మళ్లీ చాట దులిపింది. నా టక్కుల యాప్‌కు తుమ్మించే శక్తి లేదు, అందుకే అది నన్ను మార్చలేకపోయింది. పది పదిహేను రోజులు ఇదే చదువు. పని నుంచి రావడం, ముఖం కడుక్కోవడం, అరుగు మీద తుమ్మడం. మెల్లగా తుమ్ములు తగ్గాయి.

ఒకనాడు పెద్దామె పాట మధ్యలో మామూలుకంటే ఎక్కువసేపు ఆగింది. నాకు పాత దురద పుట్టింది. పాట మరిచిపోయిందేమో, సాయం చేద్దామనే వంక కూడా దొరికింది. గబగబా ఒక గుత్తి స్వరాలు పోశాను, చాలా శుభ్రంగా, తప్పు లేకుండా. చాట దులుపుతుందని ముక్కు మూసుకున్నాను. ఆమె దులపలేదు. ఆమె చేతులు కూడా ఆగిపోయాయి.

"గా జాగ నాది" అంది మెల్లగా. "నా కొడుకు యాదికచ్చిండు. వాడు దుబాయి పోయి తొమ్మిదేండ్లు. గీ పాట వానికి శానా ఇష్టం. జెర ఆగిన. గంతే. నువ్వు అండ్లకు ఎందుకచ్చినవ్?"

నాకు సిగ్గేసింది. పెళ్లిచూపుల సిగ్గు దీని ముందు ఎంత! ఇన్నాళ్లూ నేను ఖాళీ అనుకున్న ప్రతి చోటా ఎవరో ఒకరు ఉన్నారు. చర్చిలో వెనక వరుస ఆడవాళ్లు ఆ సందుల్లో ఎవరిని తలుచుకునేవాళ్లో, వాళ్లందరి మీద నుంచీ నేను బండి తోలుకుంటూ పోయాను. "తప్పయిందవ్వా" అన్నాను. ఆమె "సరె తీయ్, కొట్టు" అని మళ్లీ ఆకు అందుకుంది. ఆ రోజు నేను లైనుకు ఒక్కసారి మాత్రమే తీగలు మీటాను. ఆమెకు అది కూడా ఎక్కువే అనిపించి ఉంటుంది, కానీ ఏమీ అనలేదు.

ఈ చదువంతా మేనత్తకు అమ్మ ఫోన్లో చేరవేస్తూనే ఉందని నాకు తర్వాత తెలిసింది. నెల దాటాక మేనత్త పిలిచింది. వాళ్ల చర్చివాళ్లు శుక్రవారం సాయంత్రాలు వంతుల ప్రకారం ఒక్కో ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకుంటారు. ఈసారి వంతు మేనత్తది. డోలక్ కొట్టేటాయన నెల కింద గల్ఫ్ పోయాడు. "పాటలకు చప్పుడు ఏం లేదు అల్లుడా. నువ్వు వచ్చి కొట్టు. పెండ్లి ముచ్చట తియ్యను, ఒట్టు" అంది. పాట ఎత్తేది ఎవరో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. ఇద్దరం మర్యాదగా అబద్ధమాడుకున్నాం.

సిరిసిల్లలో ముస్తాబాద్ ఆటోలు ఆగే చోట దిగి, గిటార్ భుజాన వేసుకుని మేనత్త ఇల్లు చేరుకున్నాను. ముందు గదిలో చాపలు పరిచి ఉన్నాయి. ఇరవై మంది దాకా ఉన్నారు, ఆడవాళ్లే ఎక్కువ. గోడ అవతల సాంచాలు నడుస్తున్నాయి, ఆ చప్పుడు అలవాటైపోయి అక్కడెవరికీ వినబడదు. నేను మూలన కూర్చున్నాను. ఆ పిల్ల వచ్చి ఎదురుగా కూర్చుని, అందరి ముందూ నన్నే అడిగింది.

"నేను పాడాల్నా, ఉరకాల్నా? ముంగట్నే చెప్పుండ్రి."

చాపల మీద కిసకిసలు. సిరిసిల్లలో కూడా అందరికీ తెలుసన్నమాట. నేను "పాడుండ్రి" అన్నాను. ఆమె ఒకవేళ ఈసారి కూడా మధ్యలో లేచిపోతే మూడోసారి ఉండదు, అది నాకు తెలుసు. చప్పుడు పట్టే పికప్ లేని పాత గిటార్ కాబట్టి సరిపోయింది, లేకపోతే నా గుండె చప్పుడు కూడా స్పీకర్‌లో వినబడేది.

ఆమె అదే పాట ఎత్తింది. కావాలనే ఎత్తింది. నేను ఈసారి గిటార్ మెడ వైపు చూడలేదు. మెల్లగా వాయించేటప్పుడు వేళ్లకు కాపలా అక్కర్లేదు. ఆమెనే చూశాను. కళ్లు మూసుకుని పాడుతోంది. పైన ఒక పన్ను పక్క పన్ను మీదికి ఎక్కి ఉంది. ఊపిరి తీసుకునే ముందు గడ్డం కొంచెం పైకి లేస్తుంది. ఆ గడ్డం లేచినప్పుడు నేను చెయ్యి ఎత్తాను, ఆమె లైను అందుకున్నప్పుడు దించాను. మొదటి చరణం అట్లా దాటింది. వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. రెండోది దాటింది. నేను ముందు లేను, వెనక లేను, ఆమె పక్కన ఉన్నాను. ఇంత సంతోషం నాకు రెండు వందల ఇరవై దగ్గర ఎన్నడూ దొరకలేదు.

మూడో చరణంలో నా చెయ్యి ఆగిపోయింది. తప్పు పోలేదు, తీగ తెగలేదు. వింటూ వింటూ వాయించాలన్న సంగతే మరిచిపోయాను. ఆమె గొంతు ఒక్కటే పోతోంది, చప్పట్లు పోతున్నాయి, గోడ అవతల సాంచాలు పోతున్నాయి. నేను గిటార్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మేనత్త తలుపు దగ్గర నుంచి కళ్లు పెద్దవి చేసి సైగ చేస్తోంది. మళ్లీ అందుకుందామంటే ఎక్కడ అందుకోవాలో తెలియలేదు. చివరి లైనుకు ఒక్కసారి, ఒకే ఒక్కసారి తీగలు మీటాను. పాట అయిపోయింది.

బైబిలు వాక్యం చదివారు, ప్రార్థన అయింది. నేను ఆమెన్ చెప్పాల్సిన చోటల్లా చెప్పాను కానీ ఒక్క మాట వినలేదు. ఇంత దూరం వచ్చి, ఇన్ని రోజులు తంబాకుకు తుమ్మి, తీరా అసలు చోట చెయ్యి ఆపి కూర్చున్నాను. చెడింది, మళ్లీ చెడింది అనుకున్నాను.

జనం లేచి చెప్పులు వెతుక్కుంటుంటే మేనత్త చాయ్ గ్లాసులు ఆమె చేతికిచ్చి పంపింది. ఆమె వరుసగా ఇచ్చుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది.

"నడుమ ఎందుకు ఆపిండ్రు? చెయ్యి నొచ్చిందా?"

"లే."

"మరి?"

తప్పించుకోవడానికి రెండు మూడు జవాబులు దొరికాయి. తీగ జారిందనొచ్చు, గోరు విరిగిందనొచ్చు. "యినుకుంట కూసున్న" అన్నాను.

ఆమె చాయ్ గ్లాసు నాకివ్వలేదు. పట్టుకునే ఉంది. "ఎట్లున్నది?"

"జెల్ది అయిపోయింది" అన్నాను.

అన్నాక గానీ, తొందరగా అయిపోయిందని అన్నది ఎవరో నాకే తెలియలేదు. ఆమెకు ముందు తెలిసింది. పెదవులు బిగబట్టుకుంది, ఎక్కిన పన్ను దాగలేదు. గ్లాసు నా చేతిలో పెట్టి, ఎవరికీ వినబడకుండా, వాళ్ల నాయిన కూతురని ఎవరూ నమ్మని గొంతుతో అంది.

"అయిపోలే. ఇంకో చరణం ఉన్నది, ఇయ్యాల ఎత్తలే. గది మా ఇంట్ల పాడుత. మీ అమ్మను తీస్కొని రాండ్రి."

నేను నోరు తెరిచాను. మాట నా నోటికి వచ్చేలోపే తలుపు చాటు నుంచి మేనత్త, "అస్తరు బిడ్డా, ఎల్లుండే అస్తరు" అని నా తరఫున చెప్పేసింది.